ఇది దేని మీద నిలబడింది?

కొత్త ఊరు చూడడానికి వెళ్లిన మనలో చాలామంది తిరిగి తెచ్చుకునేది ఒక జాబితా. ఫలానా మ్యూజియం చూశాం, ఫలానా వంతెన దగ్గర ఫొటో దిగాం, ఫలానా చోట కాఫీ తాగాం. ఇంటికొచ్చాక పక్కింటివాళ్లు "ఎలా ఉందండీ ఊరు?" అని అడిగితే "చాలా బావుంది, శుభ్రంగా ఉంది" అన్న రెండు ముక్కల దగ్గరే మాట ఆగిపోతుంది. లక్షలు పోసి, సెలవులు కూడబెట్టుకుని చేసిన ప్రయాణానికి ఇది బొత్తిగా చాలని ఫలితం. మన కళ్లకేం లోటు లేదు. ఏం వెతకాలో తేల్చుకోకుండా బయల్దేరుతున్నాం, అంతే.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచిన పద్ధతి ఒక్కటే. గైడ్ వెంట నడవబోయే ముందు ఒకే ఒక్క ప్రశ్న ఎంచుకోండి. నడిచినంతసేపూ దాన్ని వదలకండి. ఎక్కడ నిలబడినా, దేన్ని చూసినా అడగడానికి వీలైన చిన్న ప్రశ్న అయితే మంచిది. "ఇది దేని మీద నిలబడింది?" అన్నది నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే బాగా పనిచేసే ప్రశ్న. దాన్ని సాధన చేయడానికి కాలువల ఊరు ఆమ్‌స్టర్‌డామ్ చాలా మంచి చోటు. అక్కడ ఆ ప్రశ్నకు మొదటి జవాబు మన కాళ్ల కిందే ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉంటున్నారు. మన తెలుగు పిల్లలూ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు ఊరు చూపించడమంటే సాధారణంగా గంటసేపు పడవ ఎక్కించడమే. పడవ తప్పనను. కానీ పడవలో ఊరు మన పక్కనుంచి జారిపోతుంది, ఆపమంటే ఆగదు. ముందు ఒక పూట నడవండి, పడవ మర్నాడు ఎక్కండి. నడకలో తెలుసుకున్నది పడవలో మళ్లీ గుర్తుపట్టగలుగుతారు. వరుస తిరగబడితే ఆ లాభం ఉండదు.

కాళ్ల కింద ఏముంది

చాలా నడకలు డామ్ స్క్వేర్‌లో మొదలవుతాయి. 13వ శతాబ్దంలో ఆమ్‌స్టెల్ నదికి అడ్డంగా వేసిన కట్ట ఉన్న చోటే అది. కట్ట దగ్గర కాపురముంటున్న జనానికి సుంకం మినహాయిస్తూ 1275లో కౌంట్ ఐదవ ఫ్లోరిస్ ఇచ్చిన పత్రంలో ఈ ఊరి ప్రస్తావన మొదటిసారి కనిపిస్తుంది. చౌకులో పడమర వైపున్న భారీ రాతి కట్టడం ఇప్పుడు రాజభవనం. 1648లో యాకబ్ వాన్ కాంపెన్ గీసిన నమూనాతో దాన్ని నగరసభ కోసం కట్టడం మొదలుపెట్టారు. నెపోలియన్ తమ్ముడు, అప్పటి హాలండ్ రాజు లూయీ 1808లో దాన్ని తన భవనంగా మార్చుకున్నాడు.

గైడ్ ఇక్కడ తప్పకుండా ఒక సంఖ్య చెబుతారు: 13,659. ఆ భవనం కింద నేలలోకి దిగ్గొట్టిన కొయ్య దుంగల లెక్క అది. డచ్ పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక కిటుకు నేర్చుకుంటారు. ఏడాదికి 365 రోజులు, దాని ముందు 1, వెనక 9. గుంపులో అందరూ "అబ్బో" అని, ఒక ఫొటో తీసుకుని, ముందుకు కదులుతారు. మీ ప్రశ్నకు పని పడేది అక్కడే. దుంగలు ఎందుకు కావలసి వచ్చాయి? ఎంత లోతుకు దించారు? మూడున్నర శతాబ్దాలకు పైగా తడిలో నానుతున్నా అవి ఎందుకు కుళ్లిపోలేదు? అడగండి. గైడ్ ముఖం వెలిగిపోవడం మీరే చూస్తారు, ఎందుకంటే అడిగేవాళ్లు తక్కువ.

ఆ నేల చిత్తడి నేల. పైనంతా బంకమట్టి, మొక్కలు కుళ్లగా ఏర్పడిన మెత్తటి పీట్ మట్టి. సుమారు 12 మీటర్ల కిందికి వెళ్తే గానీ గట్టి ఇసుక పొర తగలదు. అందుకని నార్వే నుంచి, బాల్టిక్ తీరాల నుంచి ఓడల మీద పొడవాటి పైన్ దుంగలు తెప్పించి, ఆ ఇసుక తగిలేదాకా దిగ్గొట్టి, వాటి తలల మీద ఇళ్లు కట్టారు. యంత్రాలు లేని కాలం. బరువైన దిమ్మెను తాళ్లతో పైకి లాగి దుంగ నెత్తిన వదలాలి, మళ్లీ లాగాలి. ఒక్కొక్క తాడూ పట్టుకుని ఎందరో మనుషులు కలిసి లాగాలంటే లయ తప్పకూడదు. మన జాలర్లు వల లాగుతూ "ఐలేసా" అన్నట్టు, వాళ్లకూ దుంగలు దించే పాటలు ఉండేవి. అందమైన ఆ ముఖభాగాల కింద పేరు లేని అన్ని వేల చేతుల బలం ఉంది.

మరి కుళ్లకపోవడం? కొయ్యను తినే బూజు బతకాలంటే తడి ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. దుంగ పూర్తిగా నీటిలో మునిగి ఉన్నంతకాలం గాలి తగలదు, శతాబ్దాలు గడిచినా నిలుస్తుంది. భూగర్భ నీటిమట్టం కాస్త పడిపోయి దుంగ తల బయటపడిందంటే కుళ్లు మొదలవుతుంది, ఇల్లు కుంగుతుంది. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇదే. బయటి నుంచి చూసేవాళ్లకు నీరు ఆ ఊరి శత్రువు. దాన్ని తరిమికొడుతూ బతుకుతున్నారనిపిస్తుంది. నిజానికి నీరు పెరిగినా ప్రమాదమే, తగ్గినా ప్రమాదమే. సరైన మట్టంలో ఉన్నప్పుడు అదే కాపలాదారు.

అందుకే వాళ్లకు నీటిమట్టం మీద అంత పట్టింపు. 1675లో సముద్రపు పోటు కట్టలు తెంపి ముంచెత్తిన తర్వాత, గణితవేత్త కూడా అయిన మేయర్ యోహానెస్ హుడ్డే 1680లలో ఊరి లాకుల గోడల్లో ఎనిమిది పాలరాతి పలకలు పెట్టించాడు. నగర నీటిమట్టం కంటే సముద్రపు కట్ట 9 అడుగుల 5 అంగుళాలు ఎత్తులో ఉండాలని ఆ పలకల గీత చెబుతుంది. వాటిలో ఒకటి ఇంకా దాని పాత చోటనే, ఏన్‌హోర్న్‌స్లూయిస్ అనే లాకు దగ్గర ఉంది. ఆ కొలతే క్రమంగా దేశమంతటికీ, తర్వాత యూరప్‌లో ఎత్తుల కొలతకూ ఆధారమైంది. ఇప్పటి నగరసభ, ఒపేరా కలిసి ఉన్న స్టోపెరా భవనంలో ఆ సున్నా మట్టాన్ని ఒక కంచు బుడిపెతో గుర్తించారు. పక్కనే గాజు గొట్టాల్లో నీటి స్తంభాలు పెట్టారు. రెండు స్తంభాలు సముద్రంలో ఇప్పుడున్న మట్టాన్ని చూపిస్తే, మూడోది 1953లో దేశపు నైరుతి ప్రాంతాన్ని ముంచి 1,836 మందిని పొట్టన పెట్టుకున్న వరద ఎత్తు చూపిస్తుంది. అది నిలువెత్తు మనిషి తలకు చాలా పైన ఉంటుంది. నడకలో ఈ చోటు లేకపోతే మీరే వెళ్లి చూడండి.

ఒక ఇల్లు చాలు

1600 ప్రాంతంలో ఈ ఊరి జనాభా యాభై అరవై వేలు. 1585లో ఆంట్‌వెర్ప్ స్పెయిన్ సేనల చేతిలో పడ్డాక అక్కడి వ్యాపారులూ పనివాళ్లూ వేలాదిగా ఇటు తరలివచ్చారు. శతాబ్దం తిరిగేసరికి జనాభా రెండు లక్షలు దాటింది. ఆ జనం కోసం 1613లో పాత ఊరి చుట్టూ హెరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే మూడు కాలువలు వరుసగా తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన మట్టితో పక్కనున్న నేలను ఎత్తు చేశారు. 2010లో యునెస్కో ఈ కాలువల వలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మూడు కాలువలూ చూసేయాలని పరుగెత్తకండి. వంతెన మీద ఒక పక్కగా నిలబడి, ఒక్క ఇంటిని ఎంచుకుని, కింది నుంచి పైకి చదవండి. తొందరపడకపోతే అయిదు నిమిషాలు పడుతుంది.

మొదట నీరు, ఆ పైన ఇటుకల గట్టు గోడ. తర్వాత ఎల్మ్ చెట్లు, ఇటుకలు పరిచిన దారి. ఇంటి ముందు కొన్ని మెట్లు ఎక్కితే ముఖ్య ద్వారం. మెట్ల పక్కనే వంగి దిగాల్సిన చిన్న తలుపు ఒకటి కనిపిస్తుంది. ఎక్కువ ఇళ్లలో వంటలూ పనివాళ్లూ ఆ కింది అంతస్తులోనే. కిటికీలు కింద పెద్దవిగా ఉండి, పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. కింద మనుషులు, పైన సరుకులు. అటకలో మిరియాలో, ధాన్యమో, బట్టల మూటలో ఉండేవి. ఇంకా పైకి చూస్తే గోడ పైకప్పును చేరే చోట ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి, దాని కొసన ఇనుప కొక్కెం వేలాడుతుంటుంది. మెట్లదారి మరీ ఇరుకు, నిచ్చెనలా నిటారు. బీరువా అందులోంచి ఎక్కదు. అందుకని కొక్కేనికి కప్పీ తగిలించి కిటికీలోంచి లోపలికి లాగుతారు. ఇల్లు మారేవాళ్లు ఇప్పటికీ ఆ పని చేయడం చూడవచ్చు.

ఇప్పుడు కొంచెం పక్కకు జరిగి ఇంటిని ఓరగా చూడండి. గోడ వీధి వైపు ముందుకు వాలి ఉంటుంది. అది కావాలని కట్టిన వాలు. పైకి లాగే సరుకు గోడకు కొట్టుకోకుండా, వాన నీళ్లు గోడమీద కారకుండా అలా కట్టారు. అదే ఇల్లు ఎడమకో కుడికో ఒరిగి ఉంటే, అది ఎవరూ కోరుకున్న వాలు కాదు. కింద ఒక వైపు దుంగలు కుంగాయన్నమాట. ముందుకు వాలితే మేస్త్రీ తెలివి, పక్కకు ఒరిగితే పునాది జబ్బు. ఈ ఒక్క తేడా తెలిసిన మనిషి ఆ ఊళ్లో ఏ వీధిలో నడిచినా ప్రతి ఇంటితోనూ మాట్లాడగలడు. 13,659 అన్న సంఖ్య నెలకే మరిచిపోవచ్చు, ఇది మాత్రం మరిచిపోరు. మనసు కారణాలను పట్టుకున్నంత గట్టిగా అంకెలను పట్టుకోదు. గైడ్ మాటల్లో అంకెలు వదిలేసినా ఫరవాలేదు, "ఎందుకంటే" అన్న మాట వినబడినప్పుడు చెవులు రిక్కించండి.

ఇళ్లు ఇంత సన్నగా ఉండటానికీ కారణముంది. కాలువ ఒడ్డు స్థలానికి గిరాకీ. అందుకే ముఖం తక్కువగా, లోపలికి పొడవుగా ఉండేలా స్థలాలు కోసి అమ్మారు. ముందు ఇల్లు, మధ్యలో చిన్న ఖాళీ, వెనక ఇంకో ఇల్లు. వీధిలోంచి చూసేవాళ్లకు వెనకది కనబడదు.

ఈ కారణం తెలిసిన తర్వాత ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263 ముందు నిలబడి చూడండి. అది రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల కంటపడకుండా యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబం దాక్కున్న ఇల్లు. 1942 జూలై నుంచి 1944 ఆగస్టు 4 దాకా ఎనిమిది మంది ఆ వెనక ఇంట్లో బతికారు. నాలుగు వందల ఏళ్ల కిందటి వ్యాపారులు స్థలం ఆదా కోసం కోసుకున్న ఆ పొడుగాటి ఆకారమే వాళ్లకు రెండేళ్లకు పైగా దాగే చోటిచ్చింది. అయినా గోడలు ఒక్కటే మనిషిని దాచలేవు. మీప్ గీస్, బెప్ ఫోస్క్యుయిల్, యోహానెస్ క్లైమన్, విక్టర్ కుగ్లర్ అనే నలుగురు ఆఫీసు ఉద్యోగులు రోజూ ప్రాణాలకు తెగించి తిండీ పుస్తకాలూ కబుర్లూ అందించారు. ఆ ఎనిమిది మంది జీవితం నిలబడింది ఆ నలుగురి మీద. చివరికి పట్టుబడ్డారు. ఎనిమిది మందిలో ఆన్ నాన్న ఓట్టో ఒక్కడే తిరిగొచ్చాడు. నడకల్లో ఇంటి లోపలికి తీసుకెళ్లరు. లోపల చూడాలంటే ఆన్‌లైన్‌లో వారాల ముందే టికెట్ తీసుకోవాలి. ఆ ముందు గంట, తర్వాత గంట వేరే కార్యక్రమం పెట్టుకోకండి. చూసి వచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు.

డబ్బు ఎక్కడిది?

పునాది ప్రశ్న దుంగల దగ్గర ఆగితే సగమే తెలిసినట్టు. దుంగలు కొన్న డబ్బు ఎక్కడిది?

హెరెన్‌గ్రాఖ్ట్‌లో 'బంగారు వంపు' అని పిలిచే మలుపు దగ్గర ఇళ్లు ఒక్కసారిగా వెడల్పవుతాయి. అక్కడికి దగ్గరలోనే, అదే కాలువ మీద, 502వ నంబరు ఇల్లు ఇప్పుడు మేయర్ అధికార నివాసం. 1672లో దాన్ని కట్టించుకున్న పౌలస్ ఖోడిన్ అట్లాంటిక్ బానిస వ్యాపారం చేసిన వెస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. ఆ సంగతి చెప్పే ఫలకం ఇంటి ముందు పెట్టారు. దక్షిణ అమెరికాలోని సురినామ్ తోటల వలసను నడిపిన సంఘంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరానికే 1683 నుంచి మూడో వంతు వాటా ఉండేది. 2021 జూలై 1న మేయర్ ఫెమ్కే హాల్సెమా నగరం తరఫున క్షమాపణ చెప్పారు. ఒక ఊరు తన పునాదిని తానే తవ్వి చూసుకుని, ఇందులో ఏముందో ఇదిగో అని నలుగురి ముందూ చెప్పడం చిన్న విషయం కాదు. నేను దాన్ని గౌరవిస్తాను.

ఆ కథ మన గడప దాకా వస్తుంది. ఔదె హోఖ్‌స్ట్రాట్ వీధిలో ఒక ఇటుకల భవనం ఉంది. లోపల విశాలమైన పెరడు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ 1606లో కట్టుకున్న ప్రధాన కార్యాలయమిది, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. తెలుగువాళ్లు ఆ పెరట్లో తప్పకుండా ఆగాలి. లవంగాలూ జాజికాయలూ పండే తూర్పు దీవుల వాళ్లకు యూరప్ సరుకుల మీద పెద్దగా మోజు లేదు. వాళ్లు అడిగింది కోరమాండల్ తీరపు బట్టలు. అందుకని కంపెనీ పుట్టిన కొద్ది ఏళ్లకే డచ్చివారు గోల్కొండ రాజ్యపు రేవు బందరులో కొట్లు తెరిచారు. మన నేతగాళ్లు నేసిన, అద్దకంవాళ్లు అద్దిన బట్ట దీవులకు వెళ్లి సుగంధ ద్రవ్యమైంది. సుగంధ ద్రవ్యం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి ఇల్లయింది. తర్వాత ఆ పూల అద్దకం బట్టలే నేరుగా డచ్ ఇళ్లలో దుస్తులూ తెరలూ అయ్యాయి. రైక్స్ మ్యూజియంలో అలాంటివి భద్రపరిచారు. ఆమ్‌స్టర్‌డామ్ వజ్రాల సాన పని కూడా అంతే. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా యూరప్‌కు వజ్రాలు వచ్చింది ముఖ్యంగా భారతదేశం నుంచే, అందులో కృష్ణా తీరపు గనులది పెద్ద పేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 17వ శతాబ్దపు కరువుల్లో కోరమాండల్ తీరంలో తిండి లేక అమ్ముడుపోయిన మనుషులను ఇదే కంపెనీ కొని, ఓడల్లో బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, బానిసలుగా తరలించింది. ఆ పెరట్లో నిలబడినప్పుడు గర్వమూ రావాలి, గుండె బరువూ ఎక్కాలి. రెంటిలో ఒక్కటే వస్తే చూపు సగమే.

గైడ్‌తో ఎలా మెలగాలి

నగరం మధ్యలో గైడ్ వెంట 15 మందికి మించి నడవకూడదని అక్కడ నిబంధన ఉంది. ఇంకా చిన్న గుంపు దొరికితే మరీ మంచిది. ఊరంతా రెండు గంటల్లో చూపిస్తామనే నడక కంటే ఒక్క విషయం మీద నడిపేవాళ్లను ఎంచుకోండి: కాలువల కట్టడం, వలస పాలన చరిత్ర, యూదుల పేట, ఏదో ఒకటి. 'ఉచిత నడక' అని రాసి ఉన్నా అది గైడ్ జీవనోపాధి. చివర్లో చేతిలో పెట్టే డబ్బు మీదే వాళ్ల ఇల్లు గడుస్తుంది. మనస్ఫూర్తిగా ఇవ్వండి.

ఎరుపు రంగు దారి సైకిళ్లది. వింటూ వింటూ వెనక్కి ఒక అడుగు వేసి అందులోకి వెళ్లడం కొత్తవాళ్లకు జరిగే పెద్ద ప్రమాదం. ఇటుకల దారి ఎత్తుపల్లాలుగా ఉంటుంది, వాన ఎప్పుడొస్తుందో తెలియదు. చీరె కట్టుకునే అమ్మలు కూడా కాళ్లకు మాత్రం పట్టున్న బూట్లే వేసుకోవాలి. కూర్చునే చోట్లూ టాయిలెట్లూ దారిలో ఎక్కడున్నాయో బయల్దేరే ముందే గైడ్‌ను అడగండి. మొహమాటపడితే రెండో గంటనుంచి కథ చెవికెక్కదు.

ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. గైడ్ చెబుతుండగా అడ్డు రాకుండా, ఒక చోటు నుంచి ఇంకో చోటికి నడిచేటప్పుడు పక్కన చేరి అడగండి. అసలు మాటలు బయటికొచ్చేది ఆ దారిలోనే. "అది మనకెలా తెలుసు?" అని కూడా మర్యాదగా అడగండి. ఉదాహరణకు సింగెల్ కాలువ మీద 7వ నంబరు ఇంటిని ఊళ్లోకెల్లా సన్నని ఇల్లని చూపిస్తుంటారు. తలుపు వెడల్పే ఇంటి వెడల్పు. కానీ అది ఒక ఇంటి వెనక వైపు మాత్రమే, ముందు వైపు వెడల్పుగానే ఉంటుంది. మంచి గైడ్ ఆ మాట తనే చెబుతారు. కథ ఎంత బాగుంటే అంత నెమ్మదిగా నమ్మాలి.

నడక సాగుతున్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉంచండి. అయ్యాక ఎక్కడైనా కూర్చుని నాలుగు వాక్యాలు రాసుకోండి, ఒక్కొక్క వాక్యంలోనూ ఒక కారణం ఉండాలి. తర్వాత కావలసిన ఫొటోలు తీసుకోవడానికి మీరే వెనక్కి నడవండి. అప్పుడు తీసే ఫొటోలు తక్కువగా ఉంటాయి, ప్రతిదానికీ చెప్పడానికి ఒక మాట ఉంటుంది.

ఈ రెండో నడకలో యోర్డాన్ పేటకు వెళ్లమని నా సలహా. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ దాటితే వచ్చే పాత శ్రామికుల పేట అది. పెద్ద కాలువల పక్కన వీధులు కొలిచి గీసినట్టుంటే, ఇక్కడివి ఓరగా సాగుతాయి. పూర్వం పొలాల మధ్య ఉన్న మురుగు బోదెల దారినే వీధులు వేశారు. ధనవంతుల కోసం కొత్తగా గీశారు, పేదల కోసం ఉన్నదాంట్లోనే సర్దారు. అందులో రోజెన్‌గ్రాఖ్ట్ మాత్రం ఉన్నట్టుండి వెడల్పు. అది ఎందుకో గైడ్ లేకుండానే కనిపెట్టండి. అదొకప్పుడు కాలువ, 1889లో పూడ్చేశారు. 1954లో పోలీసు అధిపతి కాస్‌యాఖర్ కార్ల కోసం మరికొన్ని కాలువలు పూడ్చాలని ప్రతిపాదిస్తే జనం ఒప్పుకోలేదు. ఇవాళ మనం చూస్తున్న నీరు ఆ 'వద్దు' అన్న మాట వల్ల కూడా మిగిలింది. మిగిలినదాన్ని నిలబెట్టడమూ తేలిక కాదు. 2020 సెప్టెంబరులో ఖ్రింబుర్గ్‌వల్ దగ్గర గట్టు గోడ కాలువలోకి కూలిపోయింది. బండ్లూ లారీలూ పెరిగిన బరువును పాత గోడలు, పాత దుంగలు మోయలేకపోతున్నాయి. ఇప్పుడు నగరం వాటిని వరసగా పరీక్షించి బాగుచేస్తోంది. దారిలో మీకు అడ్డం వచ్చే ఆ ఇనుప కంచెలను విసుక్కోకండి, అవి కూడా చూడాల్సినవే.

ఈ ప్రశ్నను ఊళ్లకే పరిమితం చేయనక్కర్లేదు. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు ఆఫీసు అద్దాలూ జీతమూ చూసి ఆగకుండా, ఈ కంపెనీకి డబ్బు ఎవరు కడుతున్నారు, ఆ ఒక్క ఖాతాదారుడు తప్పుకుంటే ఏమవుతుందని అడగండి. ఫ్లాట్ కొనేటప్పుడు టైల్స్ మెరుపు కంటే ముందు ఆ స్థలం ఒకప్పుడు చెరువా, పొలమా అని అడగండి. పిల్లవాడికి మంచి మార్కులొస్తుంటే అవి అర్థం చేసుకోవడం మీద నిలబడ్డాయా, బట్టీ మీదా అని చూడండి. పక్కకు ఒరుగుతున్నప్పుడే కనిపెడితే సరిచేసుకోవచ్చు.

మొదటి సాధనకు ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లే వీలు అందరికీ ఉండదు. బందరు వెళ్లండి. అక్కడ డచ్చివారి సమాధులు ఇంకా ఉన్నాయి, భీమునిపట్నంలోనూ ఉన్నాయి. బందరుకు దగ్గరలోనే ఉన్న పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దేవాళ్లు ఇప్పటికీ పని చేస్తున్నారు. బందరు సంగతులు తెలిసిన పెద్దాయన ఎవరినైనా బతిమాలి ఒక పూట వెంట నడిపించమనండి, పిల్లలను కూడా తీసుకెళ్లండి. మొదటి సమాధి రాయి దగ్గర ఆగి, ప్రశ్న మీరే మొదలుపెట్టండి.